పిన్నీసుల మ్యూజియం

మంగళసూత్రానికి రెండు మూడు పిన్నీసులైనా తగిలించుకోని గృహిణి మనలో ఎవరైనా ఉన్నారా? కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఒక పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకోవడమూ మనకి అలవాటే. పక్కనున్న పసివాడు అది చూస్తూనే ఉంటాడు!

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో మ్యూటర్ మ్యూజియం అని ఒకటుంది. అక్కడి సొరుగుల్లో పిన్నీసులు, గుండీలు, నాణేలు, గింజలు, ఎముక ముక్కలు – మొత్తం 2,374 వస్తువులు వరసగా పేర్చి ఉంటాయి. అన్నీ మనుషుల గొంతుల్లోంచీ, ఊపిరితిత్తుల్లోంచీ బయటికి తీసినవే. వాటిని తీసి, భద్రంగా దాచినాయన డాక్టర్ షెవాలియర్ జాక్సన్ (1865–1958).

మింగిన వస్తువు కోసం మెడో, పొట్టో కోస్తే చీము పట్టి ప్రాణం మీదికి వచ్చే రోజులవి. పెన్సిలిన్ ఇంకా రాలేదు. జాక్సన్ చివర బుల్లి దీపం ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి దింపి, లోపలికి చూస్తూ పట్టకార్లతో పనిచేసేవారు. పిన్నీసు తెరుచుకుని మొన పైకి ఉందనుకోండి, లాగితే అన్నవాహిక చీరుకుపోతుంది. అలాంటప్పుడు ఆయన దాన్ని నెమ్మదిగా కడుపులోకి నెట్టి, అక్కడ తిప్పి, మొన కిందికి ఉండేలా పట్టుకుని పైకి తీసేవారు. ఎంత ఓర్పో చూడండి!

అంతకన్నా ఘోరం కాస్టిక్ సోడా. అక్కడి ఇళ్ళల్లో సబ్బు వండుకోవడానికీ, తూములు శుభ్రం చేసుకోవడానికీ వాడేవారు. చూడ్డానికి పంచదారలా ఉంటుంది. డబ్బా మీద ప్రమాదమన్న మాట ఉండేది కాదు. పిల్లలు నోట్లో వేసుకునేవారు. అన్నవాహిక కాలి, మచ్చలు కట్టి, దారం సందంత అయిపోయేది. మంచినీళ్ళు కూడా దిగని ఒక చిన్నపిల్లకి జాక్సన్ లోపలి అడ్డు తీసేశారు. ఆ పిల్ల భయంభయంగా ఒక గుక్క తాగింది, దిగింది. ఇంకో గుక్క... అదీ దిగింది. వెంటనే డాక్టరు చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుందట.

ఎంతమందికని గొట్టం వేస్తాం, డబ్బా మీద ‘విషం’ అని రాయించాలని ఆయన ఏళ్ళ తరబడి పోరాడారు. 1927లో చట్టం వచ్చింది.

ఇప్పుడు రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో గుండీలాంటి బ్యాటరీలు వస్తున్నాయి. అది పిల్లాడి అన్నవాహికలో ఇరుక్కుంటే, దానిలోని కరెంటు వల్ల అక్కడి తడిలో ఆ కాస్టిక్ సోడాయే తయారవుతుంది. రెండు గంటల్లోనే పుండు పడవచ్చు. అరటిపండు మింగిస్తే దిగిపోతుందిలే అని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. బొమ్మ వెనక మూతకి స్క్రూ బిగించి ఉందో లేదో ఇవాళే ఒకసారి చూడండి. పళ్ళ మధ్య పిన్నీసు సంగతీ మరిచిపోకండేం!