క్షీణవాదము, దాని కొలబద్ద: ప్రోగ్రెసివ్ రాక్, మెటల్ బృందములపై రసికుల వివాదము

ఒక కళారూపము తన తొలియౌవనమును దాటి రెండు మూడు తరముల కాలము జీవించినపుడు, దాని రసికులలో తప్పక తలయెత్తు వివాదము దాని క్షీణతను గూర్చినదియే. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందము ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ అను ఆల్బమును వెలువరించిన నాటినుండి ప్రోగ్రెసివ్ రాక్ అను పేర వ్యాప్తి నొందిన సంగీతమును, పిదప 1980లలో దానినుండి శాఖగా వెలువడిన ప్రోగ్రెసివ్ మెటలును ఈ వివాదమునకు మిక్కిలిగా గురియైనవి. మునుపటి బలము లేదని యొకరును, బలము తరుగలేదు, వినువారి చెవియే మారినదని మరియొకరును వాదించుచుందురు. ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచినది యిది: సభ్యుడు విడిపోవుట, రీతి మారుట, నిర్మాణము సడలుట అను వేర్వేరు విషయములను రసికులు క్షీణత యను ఒక్క మాటలో కలిపివేయుచున్నారు, ఇందు కడపటిదానికి తప్ప తక్కినవానికి ఆ మాట చెల్లదు.

సూరతు నగరమున తాపీనదికి ఉత్తరపు గట్టుననున్న అమ్రోలిలో ఈ విచారణకు తావేమి యని పాఠకులు సంశయింపవచ్చును. తెలంగాణపు పల్లెలనుండి నేతపనికై వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు తరములుగా ఈ నగరమున స్థిరపడియున్నవి. లింబాయత్ వైపున దట్టముగను, ఒడిశా కార్మికులు మిక్కుటముగానున్న అమ్రోలిలో పలుచగను తెలుగు వినవచ్చును. ఆ కుటుంబములలోని పిన్నవారిలో ఈ సంగీతమును చెవియొగ్గి వినువారు కొలదిమందియే యైనను, వారి పట్టుదల కొలదిది కాదు. రాత్రి పాళీ ముగిసి తేనీటి దుకాణముకడ నిలిచిన ఇద్దరు వియ్యపు వరుసవారు, “మైక్ పోయినంక ఆ బ్యాండుల జీవం పోయింది బావా” అని యొకడును, “జీవం ఏడ పోయింది? నువ్వు పాతయి తప్ప కొత్తయి వింటలేవు” అని రెండవవాడును వాదులాడుకొనుట నేను విన్నాను. వారి చెవులు సామాన్యములు కావు. పక్కపక్కన నాడు రెండు సాంచెల (మరమగ్గముల) వేగములలో వెంట్రుకవాసి భేదమున్నచో, వాని దెబ్బలు కొంతసేపు కలిసిపడి, క్రమముగా ఎడమై, మరల వచ్చి కలిసికొనును. పండ్రెండు గంటల పాళీలో ఈ కలయికను, ఎడబాటును వినుచుండువానికి, మెషుగ్గా బృందము బేసిమాత్రల గిటారు వరుసను నాలుగుమాత్రల తాళముపై నడపి ఆవర్తాంతమున రెంటిని కలుపు విధానము విడమరచి చెప్పనక్కరలేదు.

పై సంభాషణలోని మైక్, డ్రీమ్ థియేటర్ బృందపు డ్రమ్ము వాద్యకారుడైన మైక్ పోర్ట్‌నోయ్. 1985లో బోస్టనులోని బర్క్లీ సంగీత కళాశాల విద్యార్థులు మువ్వురు నెలకొల్పిన ఈ బృందమునుండి, స్థాపకులలో నొకడైన పోర్ట్‌నోయ్ 2010లో వైదొలగెను. మైక్ మాంజీని ఆ స్థానమున కూర్చుండెను. 2023లో పోర్ట్‌నోయ్ తిరిగివచ్చెను. నడుమనున్న పదమూడేండ్లను క్షీణకాలముగా లెక్కించువారు ప్రపంచమంతటను కలరు. కాని ఆ కాలముననే, 2022లో, ఈ బృందమునకు మొదటి గ్రామీ పురస్కారము లభించినది. పురస్కారము గుణమునకు ప్రమాణము కాదని నేనును ఒప్పుకొందును. అయినను వ్యక్తి వియోగమునే క్షీణతగా నెంచువారు ఈ సంగతికి సమాధానము చెప్పవలసియుండును. కింగ్ క్రిమ్సన్ చరిత్ర ఇంతకంటె బలవత్తరమైన సాక్ష్యము. 1974లో ఆ బృందమును రద్దుచేసిన రాబర్ట్ ఫ్రిప్, 1981లో దానిని తిరిగి నిలిపినపుడు తొలి సభ్యులలో తానొక్కడే మిగిలెను. రెండు గిటార్లు అల్లుకొని నడచు నూతనపద్ధతిలో ‘డిసిప్లిన్’ అను ఆల్బమును కావించెను. పాత రసికుడు వెదకిన ధ్వని అందు లేదు, కాని బిగువు తరిగినదని అనజాలము.

రీతి మారుటను గూర్చి ఓపెత్ బృందపు ఉదాహరణము నిదానముగా పరిశీలింపదగినది. 1990లో స్టాక్‌హోమున జనించిన ఈ బృందము, కర్కశమైన గర్జనకంఠమును మృదుగానముతో ఒక్క రచనలోనే మేళవించుటచే పేరొందెను. 2001 నాటి ‘బ్లాక్‌వాటర్ పార్క్’ ఆ మేళనమునకు పరాకాష్ఠ యని పలువురి యభిప్రాయము. 2008 నాటి ‘వాటర్‌షెడ్’ పిమ్మట 2011లో వచ్చిన ‘హెరిటేజ్’లో గర్జన పూర్తిగా నిలిచిపోయెను. రసికలోకము రెండుగా చీలినది. తరువాతి మూడు ఆల్బములలోను గర్జన వినరాలేదు. నాయకుడైన మికాయెల్ ఓకర్‌ఫెల్ట్‌కు కంఠము చెడినదేమో యని శంకించినవారును లేకపోలేదు. 2024లో ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’ వెలువడినపుడు, పదునారేండ్ల పిదప ఆ గర్జన మునుపటి నిండుదనముతోనే వినవచ్చెను. దీనివలన తేలినదేమనగా, పోగొట్టుకొన్నదానికిని పక్కన పెట్టినదానికిని గల భేదమును రసికులు గమనింపలేదు. మరియొక విశేషము కలదు. గర్జన లేని ఆల్బములన్నియు ఒక్క స్థాయివి కావు: 2016 నాటి ‘సోర్సెరెస్’లో ఖండములు ఒకదానినొకటి పిలుచుకొనక విడివిడిగా నిలిచినట్లు నాకు తోచును, 2019 నాటి ‘ఇన్ కౌడా వెనేనమ్’లో ఆ బిగువు మరల కుదురుకొన్నది. గర్జన రెంటను లేదు. కావున గుణమునకు కారణమును కంఠరీతిలో వెదకుట వ్యర్థము.

ఈ వివాదము మనకు క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున తెలుగు పద్యనాటకరంగమున ఇట్టిదే చెలరేగినది. ఒక్కొక్క పద్యమును హార్మోనియముపై సాగదీసి, చివర రాగాలాపన గావించి, ‘వన్స్ మోర్’ కేకలు పడగానే చనిపోయిన పాత్రయు లేచి మరల పాడు ఆచారమును చూచి, నాటకము క్షీణించి కచేరీగా మారినదని బళ్లారి రాఘవాచార్యులవంటి మహానటులు ఆవేదన చెందిరి. పద్యము పోయినచో నాటకమునకు ప్రాణమే లేదని ప్రేక్షకులు ఎదురు వాదించిరి. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయముల’ పద్యములను కంఠస్థము చేసిన ఆ ప్రేక్షకులను తక్కువ చేయుట నాకు సమ్మతము కాదు, వారి రసజ్ఞత గొప్పది. కాని రాఘవ పట్టుకొన్న సూత్రము మన ప్రస్తుత విచారణకు అత్యంతోపయుక్తము: విద్వత్తు అధికమగుటచేతనే రూపము సడలవచ్చును. సరళమగుటయే క్షీణత యని తలంచు ప్రోగ్రెసివ్ రసికుడు ఈ రెండవ ద్వారమును కాచుటయే మరచినాడు.

డ్రీమ్ థియేటర్ రచనలనే తీసికొందము. 1992 నాటి ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’లోని ‘మెట్రోపొలిస్’ యను పాటలోని స్వరవాక్యములు, 1999 నాటి ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’లోని ‘ఓవర్చర్ 1928’ అను వాద్యఖండమున మరల వినవచ్చును. పూర్వజన్మవృత్తాంతమైన ఆ ఆల్బమునందలి కథకు ఇట్టి పునరాగమనము అలంకారము కాదు, అర్థమే. 2016 నాటి ‘ది ఎస్టానిషింగ్’లో ముప్పదినాలుగు ఖండములు, రెండు గంటలకు మించిన నిడివి కలవు. వాద్యనైపుణ్యమునకు లోటు లేదు. అయినను ఏ ఖండమును తొలగించినను కథ నిలుచును, సంగీతము నిలుచును. నాకు ఇది నిజమైన సడలింపుగా కనబడుచున్నది. జెనెసిస్ విషయము దీనికి తలక్రిందులు. 1975లో పీటర్ గేబ్రియెల్ వీడిపోయిన తరువాత క్రమముగా చిన్నపాటలవైపు మొగ్గిన ఆ బృందమును 1986 నాటి ‘ఇన్‌విజిబుల్ టచ్’ నాటికి రసికులు బొత్తిగా వదలివేసిరి. ఆ ఆల్బముననే పది నిమిషములకు మించి రెండు భాగములుగా నడచు ‘డామినో’ యున్నదని పలువురు తలచుకొనరు. తాళపు లెక్కయు ఇట్టిదే: పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ‘మనీ’ ఏడుమాత్రలపై నడచును. మిశ్రచాపునకు అలవడిన తెలుగు చెవికి అది పరాయిది కాదు. శాక్సఫోను ఆ ఏడింటిలోనే నడువగా, గిటారు అందుకొన్నప్పుడు తాళము నాలుగింటికి మారును. లెక్కలోని బేసితనముకంటె, ఆ మార్పు ఎచ్చట రావలెనో అచ్చటనే వచ్చుట ముఖ్యము.

ఇక మనకు అతి సన్నిహితమైన ఉదాహరణము బెంగుళూరునకు చెందిన ‘ఆగమ్’ బృందము. 2017 నాటి తమ ఆల్బమున వీరు నళినకాంతి రాగములోని త్యాగరాజకృతి ‘మనవ్యాలకించరాదటే’ని ప్రోగ్రెసివ్ రాక్ పద్ధతిని పాడిరి. కర్ణాటక రసికులు కొందరు దీనిని సంప్రదాయ పతనముగా నిరసింతురు. రాక్ రసికులు కొందరు భజనగా చప్పరింతురు. త్యాగరాజు పల్లవిని సంగతివెంట సంగతిగా పెంచిన పద్ధతియే ఈ రచనకు వెన్నెముక. ఒక వాక్యము తన రూపమును పోగొట్టుకొనక ప్రతి ఆవర్తమున క్రొత్త మలుపు సంపాదించుకొనుటయే సంగతి. డ్రమ్ములును, పెనుగిటార్లును ఆ మలుపులను మ్రింగివేసినవా, మోసినవా యన్నదే వినవలసినది. వ్రాతపూర్వకమైన సాహిత్యమును ముందుంచుకొని నేను పలుమారులు విన్న మీదట, పల్లవిలో మోసినవనియు, వాద్యములే విజృంభించు కడపటి ఘట్టమున కొంత మ్రింగినవనియు నా నిర్ణయము.