మలేషియాలో పాత మైవీ కొనే ముందు

ఇక్కడ చౌకగా చిన్న కారు కావాలంటే మనవాళ్ళ చూపు ముందు పెరొడువా మైవీ మీదికే పోతుంది. 2005 నుంచీ ఉన్న కారు, విడిభాగాలకు కరువు లేదు. నా భయమల్లా వరద నీళ్ళే. 2021 డిసెంబరులో షా ఆలం మునిగినప్పుడు ఎన్నో కార్లు నానిపోయాయి. పాలిష్ పెడితే పైకి ఏమీ తెలియదు. అందుకే సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. నేను అడ్వాన్సు ఇవ్వబోయిన కారు అక్కడే దొరికిపోయింది! డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు కూడా చూడండి. పేరు మార్పిడికి చేసే బి5 తనిఖీలో ఛాసిస్, ఇంజన్ నంబర్లు సరిచూస్తారు గానీ ఇంజన్ ఇంకెన్నాళ్ళు నడుస్తుందో చెప్పరు. దానికి మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళాల్సిందే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడెక్కించి ఉంచితే పొగ, చప్పుడు బయటపడకపోవచ్చు.