ఫైలు ఆలస్యం: రికార్డు రూము నుంచి డిస్కు దాకా

‘కంప్యూటరులో ఫైలు తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది, ఇక కొత్తది కొనాల్సిందే’ అన్న మాట మన పెన్షనర్ల ఇళ్లలో తరచు వింటున్నాను. కొనేముందు ఒక్క మాట. ఫైలు ఆలస్యం కంప్యూటరుతో పుట్టిన జబ్బు కాదు. మన విశాఖ కచేరీలకు అది పాత పరిచయమే.

1933లో మన ఓడరేవు ప్రారంభమైన నాటికి విశాఖ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆనాటి టాటెన్‌హాం విధానమే తర్వాత మన రెవెన్యూ కచేరీలకూ వారసత్వంగా వచ్చింది. వచ్చిన కాగితానికి నంబరు, గుమాస్తాకు పర్సనల్ రిజిస్టరు. పని ముగిసిన ఫైలు ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్. అయితే పదేళ్లు ఉంచాలి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. భూమి ఇచ్చిన రైతు ఫైలంటే ఒక్క కాగితం కాదు: అడంగల్ నకలు, సర్వే పటం, అవార్డు, రశీదు. నేను 1974లో గుమాస్తాగా చేరాక తెలుసుకున్నది ఇది: ఫైలు దొరకడం దాని లావును బట్టి కాదు, దాని కాగితాలు ఎన్ని కట్టల్లో చెదిరి ఉన్నాయన్న దాన్ని బట్టి.

యంత్రానిదీ ఇదే కథ. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన తొలి డిస్కు యంత్రంలో 24 అంగుళాల బిళ్లలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేవి 50 లక్షల అక్షరాలే. బిళ్ల తిరుగుతుంటే ఒక చేయి కదిలి, కావలసిన చోట అక్షరాలు చదువుతుంది. నిన్నమొన్నటి డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరిగినా, చేయి చోటు మారి చదవడానికి సెకనులో వందో వంతుకు పైగా పడుతుంది. ఫైలు వెయ్యి ముక్కలై చెదిరితే పది సెకన్లు దాటుతుంది. ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ అనే సాధనం 1993లో ఎం.ఎస్.డాస్ 6తో వచ్చింది. విండోస్ 95లో రంగురంగుల గళ్లు కదులుతూ కనిపించేది అదే. విస్టా నాటి నుంచి విండోస్ ఆ పనిని తనంతట తానే వారానికోసారి చేసుకుంటోంది. తిరిగే బిళ్ల లేని ఎస్.ఎస్.డి.కి ఆ అవసరం లేదు.

ఇక పరీక్ష. మొదట నకలు తీయండి. డిస్కు టక్‌టక్ మంటూ ఫైళ్లు ఆగి ఆగి తెరుచుకుంటుంటే అది పాడవడానికి సిద్ధమై ఉండవచ్చు. పెన్షన్ పేమెంటు ఆర్డరు, సర్వీసు కాగితాలు, ఇంటి దస్తావేజుల స్కానులు ముందు వేరే డిస్కులో భద్రపరచాలి. డీఫ్రాగ్ ఆ తర్వాతే. పాడవుతున్న డిస్కుకు ఆ చాకిరీ మరింత భారం.

తర్వాత ఒక్క ఫైలే ఆలస్యమా, అన్నీనా చూడండి. ఒక్కటే అయితే దోషం ఆ ఫైలులోనే ఉండవచ్చు. అన్నీ అయితే డిస్కులో ఖాళీ ఎంత ఉందో చూడాలి. యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసేయాలి. ద్వారం దగ్గర ఇద్దరు జవాన్లు ఒకే కాగితాన్ని సోదా చేస్తే జాప్యం తప్పదు. ఒకప్పుడు కలిపి, ఇప్పుడు తీసేసిన నెట్‌వర్క్ ఫోల్డరు పేరు జాబితాలో మిగిలిపోయినా యంత్రం దాని జవాబుకోసం కాచుకుంటుంది. బదిలీ అయిన సెక్షనుకు రిమైండరు పంపి కూర్చున్నట్టే.

ఇవన్నీ చూశాక కూడా నిదానమే అయితే, పాత డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెట్టించండి. చాలా యంత్రాలకు అది చాలు. కొత్త కంప్యూటరు ఖర్చులో కొద్ది వంతుతో పోతుంది.

రికార్డు రూములో కాగితం చెదపురుగుకు పోయేది, డిస్కులో చప్పుడు లేకుండానే పోవచ్చు. అందుకే మిత్రులారా, ఈ సంచిక చదివిన రోజే ఆ నకలు తీయించండి. మీ తదనంతరం కుటుంబ పెన్షనుకు ఇంటివారు వెతికేది ఆ కాగితాలనే.