తల ఆనించే దిమ్మ: తొలినాటి దంతవైద్యపు కుర్చీ ఎవరి కోసం?

దంతవైద్యుడి కుర్చీ చరిత్రను రోగికి సుఖం పెరుగుతూ వచ్చిన కథగా చెప్పడం రివాజు: ముందు నేల, ఆపైన చెక్క కుర్చీ, తర్వాత మఖమల్ మెత్త, చివరికి పడక. వరుస ముచ్చటగానే ఉంది. అయితే ఏ భాగం ముందు మారిందో చూస్తే ఈ కథ నిలబడదు. 1790లో బోస్టన్ వైద్యుడు జోసయా ఫ్లాగ్ వాడిన కుర్చీ మామూలు విండ్సర్ కుర్చీయే. ఆయన దానికి చేర్చినవి ఎత్తు సర్దుకునే తల ఆనించే దిమ్మ, పనిముట్లు పెట్టుకోవడానికి కుర్చీ చేతికి పొడిగింపు. ఒకటి తలను కదలనివ్వదు, మరొకటి వైద్యుడిని పనిముట్ల కోసం వెతుక్కోనివ్వదు. నా వాదన ఇదే: ఈ కుర్చీ తన తొలి నూరేళ్లలో రోగికి ఆసనం కన్నా వైద్యుడికి పనిముట్టుగానే ఎదిగింది.

రోగి సంగతి ముందే పట్టించుకున్న వాడు ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫొషార్ కాదా అనవచ్చు. రోగిని నేలమీద కూర్చోబెట్టి, తలను వైద్యుడి మోకాళ్ల మధ్య ఇరికించే పద్ధతిని ఆయన 1728లోనే తప్పుపట్టాడు. అది ఇబ్బందికరం, మర్యాద కాదు అన్నాడు. నిజమే. కానీ ఆయన కోరిన కుర్చీకి మెత్తటి వీపు ఎంత అవసరమో, కదలకుండా నిలవడమూ అంతే అవసరం. పైగా దాని ఎత్తు రోగిని బట్టేగాక, ముఖ్యంగా వైద్యుడి ఎత్తును బట్టి ఉండాలన్నాడు. అసలు కుర్చీ అవసరం పనిని బట్టి వచ్చింది. పన్ను పీకడం క్షణాల పని గనుక ఇంట్లోని చేతుల కుర్చీ చాలు. పుచ్చిన పన్నును తొలిచి పూడ్చడం అలా కాదు. 1855లో రాబర్ట్ ఆర్థర్ ఒకదానికొకటి అతుక్కునే బంగారు రేకు వాడుకను వెల్లడించాక, ఆ రేకును ముక్కముక్కగా కూరి, కొట్టి, గట్టిపరచాల్సి వచ్చింది. ఉమ్మి తగలకూడదు (అందుకే 1864లో సాన్‌ఫర్డ్ బార్నమ్ రబ్బరు పొర వచ్చింది). అంతసేపు తల కదలకూడదు, వెలుతురు నోట్లో పడాలి.

మత్తుమందే కుర్చీని వాల్చిందనే మరో అభ్యంతరానికి తేదీలే జవాబు. లండన్‌లో జేమ్స్ స్నెల్ వెనక్కి వాలే కుర్చీ 1832 నాటిది. బోస్టన్‌లో మోర్టన్ చేసిన ఈథర్ మత్తు ప్రదర్శన 1846లో జరిగింది. కుర్చీని మార్చింది మత్తు కాదు, పనిముట్టే. 1871లో మారిసన్ కాలితో తొక్కి తిప్పే, పన్ను తొలిచే యంత్రానికి పేటెంటు పొందాడు. ఒక కాలు దానికి అప్పగించి నిలబడ్డవాడు మాటిమాటికీ వంగలేడు. నోరే అతని చేతి దగ్గరికి రావాలి. 1877 నాటి విల్కర్సన్ కుర్చీ ద్రవపు ఒత్తిడితో పైకి లేచి చేసింది ఆ పనే. ఆ కాలపు కుర్చీలకు తొడిగిన మఖమల్, నగిషీలు విక్టోరియా నాటి సావిడి మోజు. వాటిని చూసి యంత్రపు ఉద్దేశాన్ని అంచనా వేయడం పల్లకి తెరను చూసి బోయీల బరువును లెక్కకట్టడమే. రోగి పూర్తిగా పడుకునే కుర్చీని జాన్ నాటన్ 1958లో తెచ్చాడు. వైద్యుడు తాను కూడా స్టూలు మీద కూర్చుని పనిచేయడం అలవాటైన కాలం అది.