రక్తకణాలకు వెలుగు వైద్యం

మూలకణాలు ఉన్నాయని ప్రయోగపూర్వకంగా చూపింది మనముంటున్న కెనడాలోనే. టొరాంటోలోని ఒంటారియో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ 1961లో ప్రచురించిన పరిశోధన, నేటి మూలకణ మార్పిడికి శాస్త్రీయమైన పునాది. ఈ మార్పిడి తరువాత వచ్చే ఒక చిక్కు గురించీ, దానికున్న ఒక చికిత్స గురించీ ఇక్కడ చెబుతాను. నేను డాక్టరును కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. చదివి అర్థం చేసుకున్నంత మేరకే రాస్తున్నాను.

ల్యుకేమియా వంటి జబ్బుల్లో దాత మూలకణాలు ప్రాణం నిలుపుతాయి. కానీ ఒక్కోసారి ఆ కణాల నుంచి పుట్టిన తెల్లకణాలు రోగి శరీరాన్నే పరాయిదనుకుని చర్మం, కాలేయం, పేగులు, కళ్ళు, ఊపిరితిత్తుల మీద దాడి చేస్తాయి. దీన్ని జీవీహెచ్‌డీ అంటారు. మొదట స్టెరాయిడ్లు ఇస్తారు. అవి రోగనిరోధక శక్తి మొత్తాన్నీ అణచివేస్తాయి కాబట్టి ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ.

స్టెరాయిడ్లు చాలనప్పుడు వాడే మార్గాల్లో ఫోటోఫెరెసిస్ ఒకటి. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ఎడెల్సన్ బృందం 1987లో దీన్ని ఒక రకం చర్మ లింఫోమాకు వాడి ఫలితాలు ప్రకటించింది. తరువాత జీవీహెచ్‌డీకీ వాడుక మొదలయింది. రోగి రక్తం తీసి, యంత్రంలో తెల్లకణాలను వేరు చేస్తారు. వాటికి మెథాక్సీసోరలెన్ అనే మందు కలిపి, అతినీలలోహిత-ఎ కాంతి పట్టించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. మన ఆయుర్వేదంలో బొల్లికి వాడే బావంచాల గింజల్లోని సోరలెన్ కుటుంబానికి చెందిందే ఈ మందు. అలాగని సొంతవైద్యం వద్దు!

ఒక్క విడతలో కాంతి సోకేది కొద్దిపాటి తెల్లకణాలకే. అవి కొద్దిరోజుల్లో చనిపోతాయి. చనిపోయే ఆ కణాలను చూసి మిగతా రోగనిరోధక వ్యవస్థ ఓర్పు నేర్చుకుంటుందని పరిశోధకుల వివరణ. అందుకే స్టెరాయిడ్లంతగా ఇన్ఫెక్షన్ల బెడద ఉండదు.

విడతకు రెండు మూడు గంటలు పడుతుంది. సాధారణంగా వరుసగా రెండు రోజులు చేస్తారు, నెలల తరబడి కొనసాగిస్తారు. ఆ తరువాత ఒక రోజు ఎండ తగలకుండా, కళ్ళకు రక్షణ అద్దాలతో ఉండాలి.

అయితే దాత పోలిక బాగా కుదిరితే ఈ చిక్కు వచ్చే అవకాశమే తగ్గుతుంది. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. బయటి దాత కావాలంటే మన జాతివారిలోనే దొరికే అవకాశం ఎక్కువ. కెనడియన్ బ్లడ్ సర్వీసెస్ రిజిస్ట్రీలో 17 నుంచి 35 ఏళ్ళవారు చేరవచ్చు. క్యూబెక్‌లో హెమా-క్యూబెక్ ఈ పని చూస్తుంది. చేరడానికి బుగ్గ లోపలి నమూనా ఇస్తే చాలు. మనవాళ్ళు ఎంతమంది చేరితే, అవసరమైన రోజున మరో తెలుగు కుటుంబానికి అంత ఆశ.