చర్చిలో జోస్యం చెప్పిన యంత్రం

వేసవిలో ఖతార్ మీదికి వాయవ్యం నుంచి షమాల్ గాలి దిగుతుంది. ఇరాక్ ఎడారుల దుమ్ము మోసుకొచ్చి దోహా మేడల్ని కనపడనీయకుండా చేస్తుంది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో వెళ్లిన మనవాళ్లు ముఖానికి తువ్వాలు చుట్టుకుని సైట్లలో డ్యూటీ చేస్తుంటారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదని 2021లో అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఎండకైతే వేళలున్నాయి. దుమ్ముకు ఏ వేళ? దాని రాకను మూడు రోజుల ముందే లెక్కగట్టిన యంత్రం ఒకటుండేది, ఎక్కడో బార్సిలోనాలో, పూజలు ఆగిపోయిన ఒక చర్చిలో.

దాని పేరు మారెనోస్ట్రమ్. 2004లో ఐబీఎం కట్టింది. టోరె గిరోనా చాపెల్ కమానుల కింద పెద్ద గాజు గదిలో నిలబెట్టారు. ఆ నవంబరు వేగపు జాబితాలో ప్రపంచంలో నాలుగో సూపర్ కంప్యూటర్, ఐరోపాలో మొదటిది. ఆ వైభవం రెండేళ్లే. 2006లో ఇంకా వేగమైనది వచ్చి దాని చోట కూర్చుంది. పాతదాన్ని విడగొట్టి మాలగా, వాలెన్సియా, సారగోసా, కానరీ దీవులకు పంచారు. సతీదేవి దేహం పడిన చోటల్లా పీఠం వెలిసినట్టు, ముక్క చేరిన ప్రతి ఊళ్లోనూ ఒక కంప్యూటింగ్ కేంద్రం వెలిసింది.

ఆ గాజు గదిలోనే తరం తరువాత తరం మారింది. ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, ఐరోపాల దుమ్ము లెక్కలు అక్కడే నడిచాయి. వాటిలో ఖతార్ ఆకాశమూ ఉండేది. ఆ లెక్కల ఊరేదో పరంజా మీద నిలబడ్డవాడికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదనుకోండి.

2017లో నాలుగో తరం వచ్చింది. అదే ఏడాది డాన్ బ్రౌన్ 'ఆరిజిన్' నవలలో ఈ చర్చిలోనే ఒక క్వాంటమ్ కంప్యూటర్‌ను దాచిపెట్టాడు. మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, ఎటు పోతాడో అది చెప్పేస్తుంది. దాని గొంతు విన్‌స్టన్. యజమాని ఎడ్మండ్ కిర్ష్ మాట లోకమంతా వినాలన్న ఆరాటంతో యజమానినే చంపించి, చివరికి తనను తానే చెరిపేసుకుంటుంది. నా మటుకు నవలలో గుండెను పట్టేది ఆ మహా జోస్యం కాదు, ఈ స్వామిద్రోహమే.

అసలు యంత్రానికి అలాంటి పాపమేదీ అంటలేదు, శిక్షా పడలేదు. 2023 డిసెంబరులో ఐదో తరం ప్రారంభమైంది. చర్చిలో కాదు, పక్కనే కట్టిన కొత్త భవనంలో. దాని 314 పెటాఫ్లాప్స్ వేగం ముందు నాలుగోదాని 11 ఏ మూల? శోకించడానికి ఎవరూ లేరు. ఇంజనీర్లకు పాత యంత్రమంటే కరెంటు బిల్లు.

2025 ఫిబ్రవరిలో ఆ చర్చిలోకి నిజంగానే ఒక క్వాంటమ్ కంప్యూటర్ వచ్చింది. బ్రౌన్ ఊహించినంత ఘనమైనదేం కాదు, కొద్దిపాటి క్యూబిట్లది. మనిషి గతీ భవితా సరే, ఖతార్ మీదికి రేపు దుమ్ము లేస్తుందా అని అడిగినా చెప్పే శక్తి దానికింకా రాలేదు.