తీర్పు చదివే విద్య

అమెరికాలో ఒకప్పుడు ప్లీడరు కావాలంటే కాలేజీకి వెళ్ళనక్కర్లేదు. ఊళ్ళో పేరున్న లాయరు దగ్గర గుమాస్తాగా చేరి, ఆయన దస్తావేజులకి నకళ్ళు రాస్తూ, తీరిక దొరికినప్పుడు ఆయన బీరువాలో ఉన్న పుస్తకాలు చదువుకుంటే చాలు. దీన్నే వాళ్ళు 'లా చదవడం' అనేవారు. ఆ బీరువాలో తప్పకుండా ఉండేవి బ్లాక్‌స్టన్ అనే ఇంగ్లీషు పండితుడు 1765 నుంచి 1769 లోపు అచ్చువేసిన నాలుగు సంపుటాల వ్యాఖ్యానాలు. అబ్రహాం లింకన్ కూడా ఏ లా స్కూలు గడపా తొక్కకుండా ఇలా చదువుకునే 1836లో ఇల్లినాయ్‌లో లైసెన్సు తెచ్చుకున్నాడు. మన వైపు సంగీతం గురువుగారింట్లో ఉండి నేర్చుకున్నట్టే అనుకోండి.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. బ్లాక్‌స్టన్ నియమాన్ని వండి వడ్డిస్తాడు. ఆ నియమం ఏ తగాదాలోంచి పుట్టిందో, రేపు దానికి కాస్త తేడాగా ఇంకో తగాదా వస్తే ఎంతవరకూ సాగుతుందో ఆ వడ్డనలో తెలియదు. కంఠతా పట్టిన కుర్రాడికి కోర్టులో మొదటి ఎదురు ప్రశ్న పడగానే నోట మాట రాదు.

1870లో హార్వర్డ్ లా స్కూలుకి క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ డీన్ అయ్యాడు. పేరు చూసి నవ్వకండి, నిజంగా అదే ఆయన పేరు. ఆయన్ని తెచ్చింది యూనివర్సిటీ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్. ఎలియట్ స్వతహాగా కెమిస్ట్రీ మాస్టారు. లాంగ్‌డెల్ దృష్టిలో లా కూడా ఒక సైన్సు, దాని లేబరేటరీ లైబ్రరీ, అందులోని నమూనాలు పాత తీర్పులు. ఆయన పాఠ్యపుస్తకం రాయలేదు. కాంట్రాక్టుల మీద వచ్చిన తీర్పులనే ఏరి కూర్చి 1871లో ఒక సంపుటంగా వేశాడు. నియమమేమిటో మీరే తవ్వి తీసుకోండి అన్నమాట.

మొదటి క్లాసులో ఆయన ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక విద్యార్థిని పేరు పెట్టి పిలిచి, పెయిన్ వర్సెస్ కేవ్ కేసులో ఏం జరిగిందో చెప్పమన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. అది 1789 నాటి ఇంగ్లీషు కేసు. వేలంలో సారా దించే సామాను ఒకటి పాటకి పెట్టారు. ఒకాయన నలభై పౌన్లు పాడి, సుత్తి పడేలోపు నా పాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. తీసుకోవచ్చునా? తీసుకోవచ్చు అంది కోర్టు. పాట అనేది అడగడం మాత్రమే, సుత్తి పడితేనే ఒప్పుకోలు. ఈ చిన్న తగాదాలో కాంట్రాక్టు లా పునాది అంతా ఉంది. కానీ ఫీజు కట్టి వచ్చిన కుర్రాళ్ళకి, మాస్టారు జవాబు చెప్పకుండా తమనే అడగడం ఒళ్ళు మండించింది. చాలామంది ఆ క్లాసు మానేశారు, చివరికి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. 1872లో పక్క ఊళ్ళో పాత పద్ధతిలో బోధించడానికి బోస్టన్ యూనివర్సిటీ లా స్కూలు తెరిచింది. తరవాత ముప్ఫై నలభై ఏళ్ళలో లాంగ్‌డెల్ పద్ధతి దేశమంతా పాకింది.

మా అన్నయ్య కూతురు లా స్కూల్లో చేరిన ఏడాది నేనా పుస్తకాలు తిరగేశాను. మొదటి సంవత్సరం పిల్లలు ప్రతి తీర్పుకీ 'బ్రీఫ్' రాసుకోవాలి. ఎవరు ఎవరి మీద దావా వేశారు, కేసు ఏ మెట్టు మీద ఈ కోర్టుకి చేరింది, కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, దానికిచ్చిన జవాబేమిటి, ఆ జవాబుకి కారణం ఏమిటి. చూడ్డానికి సులువే. ఇరవై ఏళ్ళుగా ఇతరులు రాసి వదిలిపెట్టిన ప్రోగ్రాములు చదివి బతుకుతున్నవాణ్ణి కాబట్టి నాకు ఒకటి మాత్రం వెంటనే అర్థమైంది. ప్రోగ్రాములో పని చేసే లైన్లు వేరు, పక్కన రాసిన కామెంట్లు వేరు. తీర్పులోనూ అంతే. కేసు తేలడానికి అవసరమైన మాట తరవాతి కోర్టులని కట్టేస్తుంది. దారిలో జడ్జిగారు అన్న మిగతా మాటలు ఎంత గంభీరంగా ఉన్నా కట్టెయ్యవు.

మనవాళ్ళకి ఈ తేడా కొత్తేమీ కాదు. మీమాంసకులు విధివాక్యం వేరు, అర్థవాదం వేరు అని ఏనాడో విడదీశారు. ధర్మశాస్త్రానికి వ్యాఖ్యానాలు రాసినవాళ్ళు ఆ సూత్రాలతోనే స్మృతులు చదివారు. పదమూడో శతాబ్దంలో కేతన మితాక్షరని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కూడా. న్యాయగ్రంథాన్ని పద్యాల్లో చదువుకున్న జాతి మనది. హార్వర్డ్ కుర్రాళ్ళకన్నా మనం ఓపికమంతులం అని నా అనుమానం.

ఈ చదివే విద్య ఎంత ప్రాణం మీదికి రాగలదో తెలియాలంటే, ఇక్కడి భారతీయులందరికీ సంబంధించిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకోవాలి.

1790 నాటి చట్టం ప్రకారం విదేశంలో పుట్టినవాళ్ళలో 'స్వతంత్రుడైన తెల్లవాడు' మాత్రమే అమెరికా పౌరుడు కాగలడు. 1870లో ఆఫ్రికా సంతతిని కూడా చేర్చారు. మధ్యలో ఉన్న ఆసియావాళ్ళ సంగతేమిటి? తకావో ఒజావా జపాన్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో చదువుకుని, హోనలూలూలో స్థిరపడినవాడు. ఇంట్లో కూడా ఇంగ్లీషే. 1922 నవంబర్ 13న సుప్రీంకోర్టు అతని దరఖాస్తు తోసిపుచ్చింది. తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు, జపనీయుడు కాకేసియన్ కాడు అంది. తీర్పు రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఆయనా ఇంగ్లండులో పుట్టి చిన్నప్పుడు వలస వచ్చినవాడే.

ఇది చదివిన భారతీయులకి ఆశ పుట్టింది. ఆనాటి జాతిశాస్త్ర పుస్తకాలు ఉత్తర భారతీయుల్ని కాకేసియన్లలోనే వేశాయి కదా! భగత్‌సింగ్ థిండ్ పంజాబు నుంచి 1913లో వచ్చి, ఆరెగన్ కలప మిల్లుల్లో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి సార్జెంటు అయ్యాడు. 1920లో ఆరెగన్‌లోని కోర్టు అతనికి పౌరసత్వం ఇచ్చింది. దాన్ని రద్దు చెయ్యాలని ప్రభుత్వం దావా వేసింది. అప్పీలు కోర్టు తాను తేల్చకుండా రెండు ప్రశ్నలు రాసి సుప్రీంకోర్టుకి పంపింది. అమృత్‌సర్‌లో పుట్టిన అగ్రకుల హిందువు చట్టం దృష్టిలో తెల్లవాడేనా? 1917 నాటి వలస చట్టానికి ముందు సక్రమంగా వచ్చిన హిందువుల్ని ఆ చట్టం పౌరసత్వానికి అనర్హుల్ని చేస్తుందా? ఆ రోజుల్లో మనదేశం నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ ఇక్కడ హిందువనే అనేవారు, సిక్కునైనా సరే.

థిండ్ తరఫు వాదన చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. మేము ఆర్యులం, కింది కులాలతో కలవనివాళ్ళం, కాబట్టి తెల్లవాళ్ళమే అన్న ధోరణి. తలుపు తీయించుకోవడానికి ఇంకొకరి మొహం మీద తలుపు వెయ్యడమే అది. ఆనాటి చట్టంలో వేరే దారి లేదనేవాళ్ళున్నారు. నాకు ఆ సమాధానం చాలదు.

1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది, మళ్ళీ సదర్లాండే. ఈసారి కాకేసియన్ అన్న మాట ఎందుకూ పనికిరాదన్నాడు. చట్టంలోని మాటని శాస్త్రజ్ఞుడి అర్థంలో కాదు, మామూలు మనిషి అర్థం చేసుకున్నట్టు చదవాలి, ఆ లెక్కన హిందువు తెల్లవాడు కాడు అన్నాడు. మూడు నెలల్లో మాట మార్చాడని చరిత్రకారులు తిట్టారు. తిట్టవలసిందే. కానీ లా విద్యార్థిలాగా ఒజావా తీర్పుని మళ్ళీ చదవండి. ఒజావా ఏ లెక్కన చూసినా తెల్లవాడు కాడన్నది కోర్టు లెక్క. అందుకని కాకేసియన్లందరూ తెల్లవాళ్ళేనా అన్న ప్రశ్న ఆ కేసులో తేలనక్కర్లేదు, తేల్చలేదు. పైగా సరిహద్దులో వచ్చే కేసులని ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ, తోసేస్తూ తేల్చుకుందామని ఆ తీర్పులోనే ఒక వాక్యం రాసి పెట్టాడు. మనవాళ్ళు ఆశపెట్టుకున్నది అర్థవాదం మీద.

దెబ్బ థిండ్ ఒక్కడితో పోలేదు. అప్పటికే పౌరులైన భారతీయుల మీద ప్రభుత్వం వరసగా రద్దు దావాలు వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ అలా పౌరసత్వం పోగొట్టుకుని, ఆస్తి నిలుపుకోలేక, ఏ దేశానికీ చెందనివాడై 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఆ దావాల్లో ఒకటి సఖారాం గణేశ్ పండిట్ మీద. ఈయన 1914లో పౌరుడై, 1917లో కాలిఫోర్నియాలో లాయరైనవాడు. థిండ్ కేసు వాదించి ఓడిపోయింది ఈయనే! తన వంతు వచ్చినప్పుడు పండిట్ నేను తెల్లవాణ్ణేనని మళ్ళీ వాదించి ఊరుకోలేదు, ప్రశ్న మార్చాడు. 1914లో కోర్టు నాకు పౌరసత్వమిచ్చినప్పుడు ప్రభుత్వం అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఉంది, ఆ తీర్పు మీద అప్పీలు లేదు, అది ఖాయమైపోయింది. తప్పో ఒప్పో, ఒకసారి తేలిన తగాదాని అదే పక్షం మళ్ళీ తోడవచ్చునా? థిండ్ కేసులో సుప్రీంకోర్టుకి పంపిన రెండు ప్రశ్నల్లోనూ ఇది లేదు. అడగని ప్రశ్నకి ఆ తీర్పు జవాబు కాదు. 1926లో అప్పీలు కోర్టు పండిట్ పక్షాన తీర్పు చెప్పింది. 1927లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి విచారించడానికి నిరాకరించింది. దాంతో మిగిలిన భారతీయుల మీద రద్దు దావాలని ప్రభుత్వం మానుకుంది.

మూడేళ్ళ తరవాత, 1930లో, కార్ల్ లెవెలిన్ అనే కొలంబియా ప్రొఫెసరు కొత్త లా విద్యార్థుల కోసం 'ది బ్రాంబుల్ బుష్' అనే పుస్తకం వేశాడు. పాత తీర్పుకి రెండు ముఖాలుంటాయని, అడ్డొచ్చినప్పుడు దాన్ని దాని సంగతుల వరకే కుదించి చదవచ్చని, పనికొచ్చినప్పుడు సాగదీసి చదవచ్చని, రెండూ ధర్మమేనని అందులో వివరించాడు. అందులో మొదటి పని పండిట్ అప్పటికే చేసి చూపించాడు, పుస్తకం లేకుండానే.

థిండ్ 1936లో, మాజీ సైనికుల కోసం అంతకు ముందు ఏడాది వచ్చిన చట్టం కింద పౌరుడయ్యాడు. 1946లో ట్రూమన్ సంతకంతో భారతీయులందరికీ ఆ అర్హత వచ్చింది, ఏడాదికి వందమంది వలస కోటాతో. 1952లో పౌరసత్వానికి జాతి షరతే ఎత్తేశారు. ఇవన్నీ కాంగ్రెస్ చేసిన మార్పులు. థిండ్ తీర్పుని మాత్రం సుప్రీంకోర్టు ఏనాడూ కొట్టెయ్యలేదు. రిపోర్టుల 261వ సంపుటం, 204వ పేజీలో అది అలాగే ఉంది, అర్థం చెప్పడానికి కింద చట్టం లేకుండా.